బాతులకి ఎరుపు కనబడదు

సెమిలిగుడ,
నవంబరు 9.

పూజ్యులైన బావగారికి,

సూర్యారావు నమస్కారాలు. ఇక్కడ నేను, సుధ క్షేమం. ఈ సంగతి ఫోన్‌లో చెప్పవచ్చు. కానీ ఫోన్ చెవిన పెట్టుకుంటే నాకు మాట రాదని మీకు తెలుసు. కాగితం మీదైతే మాటలు నెమ్మదిగా వస్తాయి. అక్క మీకు చదివి వినిపిస్తుంది కదా.

దీపావళికి రాయగడ వచ్చినప్పుడు భోజనాల దగ్గర మీరొక మాట అన్నారు. "సూపు పోయేక నాలికొక్కటే మిగిలిందిరా సూరీ. ఓపాలి అడవి బాతు కూర తింటే బాగుణ్ణు" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఇక్కడ కొలాబ్ రిజర్వాయరు ఒడ్డున ఒక రిసార్టు మూసేశారు. సామాను అమ్మేస్తుంటే నేనొక కయాక్ కొన్నాను. కయాక్ అంటే ప్లాస్టిక్ దోనె. చిక్కుడుకాయలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒకరి వెనక ఒకరు ఇద్దరు కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. తెడ్డుకి రెండు చివరలా రెక్కలుంటాయి. చలికాలం వచ్చింది, నీటి మధ్యలో బాతులు దిగాయి. సంతలో బెలూన్లు పేల్పించేవాడి దగ్గర గాలి తుపాకీ అడిగి తెచ్చుకున్నాను.

ఇది నేరమని నాకు తెలుసు. పట్టుబడితే నా ఉద్యోగం పోతుందనీ తెలుసు. ఒక్క బాతు. మీ కోసం. తర్వాత తుపాకీ తిరిగి ఇచ్చేస్తాను.

ఫ్యాక్టరీ స్టోర్సులో లెక్కలు రాయడం కూడా నాకెవరూ నేర్పలేదు. పాత పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. దీనికి మాత్రం పుస్తకం దొరకలేదు. కుర్రతనంలో మీరు బాతులు కొట్టినవారు. దగ్గరికి ఎలా వెళ్ళాలో చెప్పండి. మీరు ఎలా చెబితే అలా చేస్తాను.

"సైకిలు మీంచి పడ్డది సాల్లేదా, ఇప్పుడు నీళ్ళల్లో పడతావా?" అని సుధ అంటోంది.

నేటి లెక్క. రాబడి: ఒక దోనె. ఖర్చు: సుధ మాట్లాడటం లేదు.

మీ
సూర్యారావు


రాయగడ,
నవంబరు 21.

చిరంజీవి సూర్యారావుకి,

తిరుపతిరావు ఆశీస్సులు. చెప్పేది నేను, రాసేది మీ అక్క.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. నమ్మలేకపోయాను. బొద్దింక కనిపిస్తే పక్కకి జరిగే మనిషివి నువ్వు. నువ్వు వేటకి బయల్దేరావా!

సరే, విను. నేను రైల్వేలో గార్డుగా చేరకముందు శ్రీకాకుళం దగ్గర మా ఊరి తంపరలో, అంటే ఏడాదంతా నీళ్ళు నిలిచే పల్లంలో, తాటి దోనె మీద వేటాడేవాణ్ణి. నీ చిక్కుడుకాయ కూడా అలాంటిదే. తెల్లవారు జామున మంచు కమ్మి ఉండగా బయల్దేరు. నీకు ఈత అంతంత మాత్రం కాబట్టి ఎండిన ఆనపకాయ బుర్రలు రెండు నడుముకి కట్టుకో. మునిగినా అవి తేలుస్తాయి. ఇది మాత్రం మరిచిపోకు.

బాతు ముందు మనిషి తలని చూస్తుంది. అందుకని తలకి ఎర్ర గుడ్డ కట్టుకో. బాతులకి ఎరుపు కనబడదు. నా పాత గార్డు జెండా ఇందులో పెట్టి పంపుతున్నాను, అదే కట్టుకో.

ఇంకొకటి. చడీచప్పుడు లేకుండా వెళితే బాతు అనుమానపడుతుంది. చేపలు పట్టేవాళ్ళు పాటలు పాడుకుంటూ తిరుగుతారు కదా, వాళ్ళకి అది అలవాటు పడి ఉంటుంది. నువ్వు కూడా పాడుతూ వెళ్ళు. గట్టిగానే పాడు.

తిరుపతిరావు

తమ్ముడూ, ఇక్కడి నుంచి నా మాట. వద్దురా. ఆయన నోటి రుచి కోసం నువ్వు జైలుకి వెళ్ళనక్కరలేదు. ఇలా అంటే మీ ఇద్దరూ వినరని తెలుసు. ఆయన చెబుతున్నారు, నేను రాస్తున్నాను. అంతే.

అక్క


సెమిలిగుడ,
డిసెంబరు 8.

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీరు పంపిన జెండా అందింది. బుర్రలు దసమంతపూర్ సంతలో దొరికాయి.

మొదట్లో ఒడ్డునే చాలాసార్లు పడ్డాను. కుడివైపు తెడ్డు వేస్తే ఎడమకి, ఎడమవైపు వేస్తే కుడికి పోతుంది. అది ఒంటపట్టడానికి సమయం పట్టింది. ఇప్పుడు ముక్కు సూటిగా వెళ్ళగలను.

పాటే కష్టమైంది. నాకు పాటలు రావు. అందుకని ఎక్కాలు చదివాను. మీరు గట్టిగా అన్నారు కాబట్టి గట్టిగానే చదివాను.

అక్కడ వల వేసుకునే బిశ్వజిత్ అనే అతను తన పడవ నా పక్కకి తెచ్చి నా తలకేసి, ఎర్ర గుడ్డకేసి చూశాడు. "బాబూ, ఏ అమ్మవారికి మొక్కుకున్నారు?" అని ఇక్కడి దేశియా భాషలో అడిగాడు. నేనేం చెప్పాలో తెలియక ఏడో ఎక్కం అందుకున్నాను. అతను నీళ్ళకి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

బావగారూ, ఎంత ప్రయత్నించినా బాతులు ఆగడం లేదు. ఆరో ఎక్కంలోనే లేచిపోతున్నాయి. మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ అంతే. మీరు చెప్పిన దాంట్లో నేనేదో సరిగా చేయడం లేదు. అదేమిటో తెలియడం లేదు. ఆదివారం అవతలి గట్టు నుంచి ప్రయత్నిస్తాను.

రాబడి: లేదు. ఖర్చు: ఒక చెప్పు, గొంతు.

మీ
సూర్యారావు


రాయగడ,
డిసెంబరు 19.

చిరంజీవి సూర్యారావుకి,

ఆశీస్సులు. నీ బాతులు అంత దూరం నుంచే ఎందుకు లేస్తున్నాయో నాకు అంతుబట్టడం లేదు. మా తంపరలో నేను వాటి కళ్ళు కనిపించేంత దగ్గరికి వెళ్ళేవాణ్ణి. రాత్రంతా అదే ఆలోచిస్తున్నాను. కొలాబ్ బాతులకి మా తంపర బాతుల కంటే తెలివి ఎక్కువా?

నువ్వు ఎలా కూర్చుంటున్నావు? దోనె అడుక్కంటా కూర్చుంటే వాటికి నువ్వు పొంచి ఉన్న పిల్లిలా కనిపిస్తావు. పీట వేసుకుని ఎత్తుగా కూర్చో. కొంగ ఎత్తుగా నిలబడుతుంది, దాన్ని చూసి ఏ బాతూ భయపడదు. ఈసారి తప్పకుండా అలా చెయ్యి.

ఇక మంచి కబురు. విశాఖ కంటి ఆస్పత్రి నుంచి కాగితం వచ్చింది. మీ అక్క చదివి వినిపించింది. ఉగాది వెళ్ళాక ఆపరేషను చేస్తారట, చూపు తిరిగి వస్తుందట. అప్పుడు నేనే అక్కడికి వస్తాను. నీ దోనెలో ముందు సీటు నాది. నువ్వు తెడ్డు వెయ్యి, నేను బాతుని చూపిస్తాను.

ఈ మాట చెప్పి నవ్వాను, అది కూడా రాయమన్నాను.

తిరుపతిరావు

స్వెటరు వేసుకుని వెళ్ళు. అక్క


సెమిలిగుడ,
జనవరి 6.

పూజ్యులైన బావగారికి,

ముందు ఈ మాట. నేను బతికే ఉన్నాను.

ఫోను నీళ్ళలో పోయింది. మీరు చేసి ఉన్నా అది పలికి ఉండదు. సుధ ఫోన్ నుంచి చేయమంది. చేతిలోకి తీసుకున్నాను, మాట రాలేదు. అందుకని రాస్తున్నాను.

ఆదివారం మంచు బాగా కమ్మింది. నాకు పీట దొరకలేదు. స్నానాల గదిలో ప్లాస్టిక్ స్టూలు ఉంటే దాన్ని కయాక్‌లో వేసుకుని కూర్చున్నాను. గొంతు పట్టేసి ఆ రోజు ఎక్కాలు చదవలేదు. మీ మాట అదొక్కటీ తప్పాను. మంచులో వెళుతూ వెళుతూ ఉంటే ఉన్నట్టుండి బాతుల మధ్యలో ఉన్నాను. అంత దగ్గరగా ఎప్పుడూ వెళ్ళలేదు. అవి రెక్కల్లో ముక్కులు పెట్టుకుని నిద్రపోతున్నాయి. తుపాకీ ఎత్తాను. స్టూలు జారింది. ఒక్కసారి ఆకాశం కనిపించింది, తర్వాత నీళ్ళు.

బావగారూ, ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయంటే ఊపిరి తీసుకోవడం మరిచిపోయాను. బుర్రలు పైకి లేపాయి. కళ్ళజోడు పోయింది. తిరగబడిన కయాక్‌ని పట్టుకున్నాను, అది నున్నగా ఉంది, చెయ్యి నిలవలేదు. మంచులో ఒడ్డు ఏ వైపుందో తెలియలేదు. అరవాలనుకున్నాను. బావగారూ, నాకు అరుపు రాలేదు. ఈ వయసుకి నేను ఎప్పుడైనా అరిచానో లేదో గుర్తు లేదు. నోరు తెరిచాను, పళ్ళు కొట్టుకున్న చప్పుడే వచ్చింది. వేళ్ళు ఒకటొకటిగా నా మాట వినడం మానేశాయి. సుధ పొద్దున్న టీ ఇస్తే చల్లారిపోయిందని వదిలేసి వచ్చాను. అదే గుర్తొచ్చింది.

తర్వాత "ధొరొ బాబూ, ధొరొ!" అని వినిపించింది. బిశ్వజిత్. పట్టుకో, పట్టుకో అంటున్నాడు. వల తాడు వేసి లాగాడు. పడవలో వేసుకుని నన్ను రుద్దుతూనే ఉన్నాడు. మంచులో ఏమీ కనబడలేదట. నీళ్ళ మీద నా తలకి కట్టిన ఎర్ర గుడ్డ కదులుతుంటే అమ్మవారి మొక్కు వాడని గుర్తుపట్టాడట.

రెండు రోజులు జ్వరం. ఇప్పుడు తగ్గింది. సుధ నాతో మాట్లాడుతోంది. ఆపకుండా మాట్లాడుతోంది.

మీరు చెప్పిన దాంట్లో తప్పు లేదు. మీరు పీట వేసుకోమన్నారు. నేను స్టూలు వేసుకున్నాను. తప్పు నాది.

ఖర్చు: తుపాకీ, స్టూలు, తెడ్డు, కళ్ళజోడు, ఫోను. రాబడి: నేను.

మీ
సూర్యారావు


రాయగడ,
జనవరి 13.

తమ్ముడికి,

ఈ ఉత్తరం రాస్తున్నట్టు మీ బావగారికి తెలియదు.

నీ ఉత్తరం పోస్టుమాన్ ఇవ్వగానే ఎప్పటిలా ఆయన కుర్చీ పక్కన కూర్చుని మొదలుపెట్టాను. "ముందు ఈ మాట" అని చదివి, తర్వాతి వాక్యం చూసి ఆగిపోయాను.

"ఏటే, ఆగిపోయేవు? సదువు" అన్నారు.

"కళ్ళజోడు కనబడలేదండీ" అన్నాను.

"పెట్టుకునే ఉన్నావు కదే. ఇందాకే డబ్బా మూత సప్పుడు ఇన్నాను."

ఇంక చదవక తప్పలేదు. ఎక్కాల మాట దాటేద్దామనుకున్నాను, నాలుక తిరగలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను. నువ్వు నీళ్ళలో పడ్డావన్న చోట ఆయన లేచి నిలబడ్డారు. బిశ్వజిత్ వచ్చాడన్న చోట కూర్చున్నారు. ఆఖరికి "మీరు పీట వేసుకోమన్నారు" అన్న మాట వచ్చింది.

"పీటేటి?" అన్నారు. "నాను పీట ఎప్పుడు సెప్పేను? బాతుకి అగపడకుండా అడుక్కంటా కూకోమన్నాను కదే."

నేను ఉత్తరం మడత పెట్టాను.

"ఎర్ర గుడ్డేటి? మట్టిరంగు తువ్వాలు కట్టుకోమన్నాను. ఎక్కాలేటి? కిక్కురుమనకుండా ఎల్లమన్నాను. ఇవన్నీ ఆడికి ఎవులు సెప్పేరు?"

అప్పుడు నేనేనని చెప్పాను.

అవును తమ్ముడూ. ఆయన ఒకటి చెబితే నేను ఒకటి రాశాను. నువ్వు రాసిన దాంట్లోంచి జెండా, ఎక్కాలు తీసేసి ఆయనకి చదివాను. నువ్వు బాతుల్ని కొట్టకూడదు, జైలుకి వెళ్ళకూడదు. అంతే అనుకున్నాను. వద్దని చెబితే ఇద్దరూ వినలేదు. కానీ కాగితం మీద ఏం రాస్తే అది చేస్తావని నాకు తెలుసు. నీకు చిన్నప్పటి నుంచీ ఎందుకని అడగటం రాదు. ముప్పై ఏళ్ళు ఆయన జెండా ఊపడం చూశాను, అన్నిటికంటే దూరానికి కనిపించేది ఎరుపే. అందుకే అది పంపాను. ఎత్తుగా కూర్చుంటే బాతులు చూసి ఎగిరిపోతాయనుకున్నాను. దోనె తిరగబడుతుందని నాకు తెలియదురా. నేను ఎప్పుడూ దోనె ఎక్కలేదు. ఒక్క మాట మార్చి నా చేత్తో నిన్ను నీళ్ళలో తోశాను.

ఆయన తిట్టలేదు. ఒక్కటే అడిగారు. "పేపరు కూడా ఇలాగే సదివేవా?"

లేదన్నాను. "ఎలా నమ్మీది?" అన్నారు. ఆ రోజు నుంచి నన్ను పేపరు ముట్టుకోనివ్వడం లేదు.

ఇంకొకటి ఉంది. నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. విశాఖ ఆస్పత్రి కాగితంలో ఆపరేషను మాట లేదు. కంటి నరం పూర్తిగా ఎండిపోయిందని, ఇక ఏ ఆపరేషనూ పనికిరాదని, అంత దూరం తీసుకురావద్దని ఉంది. నేను చదవడం మొదలుపెట్టాను. ఆయన ముఖం చూశాను. నా నోటికి ఉగాది అని వచ్చింది.

ఇప్పుడు గోడ మీద క్యాలెండరు దగ్గర నిలబడి ఉగాదికి ఇంకా ఎన్నాళ్ళని పక్కింటి వాళ్ళని అడుగుతున్నారు. నన్ను అడగడం లేదు.

ఏం చేయమంటావు?

అక్క


సెమిలిగుడ,
జనవరి 19.

అక్కకి,

నీ ఉత్తరం స్టోర్సులో నిలబడి చదివాను. ఎవరో నట్లు అడిగితే బోల్టులు ఇచ్చానట. నాకు తెలియదు.

ఇంటికి వెళ్ళి పాత ఉత్తరాలు మళ్ళీ తీశాను. ఇప్పుడు చదివితే ఏది ఆయన మాటో, ఏది నీ మాటో తెలిసిపోతోంది. అప్పుడు తెలియలేదు. నీ మీద కోపం వచ్చింది. రెండు రోజులు ఉంది. ఆ తర్వాత కూర్చుని లెక్క వేశాను. ఆయన చెప్పిన బుర్రలు నన్ను తేల్చాయి. నువ్వు చెప్పిన పీట నన్ను ముంచింది. నువ్వు చెప్పిన ఎరుపు నన్ను బిశ్వజిత్‌కి చూపించింది. ఈ లెక్క ఎలా కట్టాలో నాకు రాలేదు. కొట్టివేశాను.

కానీ ఆస్పత్రి కాగితం సంగతి వేరు.

నీళ్ళలో కళ్ళజోడు పోయాక నేను ఒక వైపుకి కాళ్ళు కొట్టాను. ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. అది ఒడ్డు కాదు, రిజర్వాయరు నడిమధ్య అని తర్వాత బిశ్వజిత్ చెప్పాడు. బావగారు ఉగాది వైపు అలాగే కొడుతున్నారు.

చెప్పు అక్కా. ఇవాళే చెప్పు. ఆయన కోప్పడితే కోప్పడనీ. ఒడ్డు లేని వైపుకి మాత్రం పంపకు.

ఇంతకంటే రాయలేను.

సూర్యారావు


రాయగడ,
ఫిబ్రవరి 2.

సూరీ,

ఇది నా చేతి రాత. లావు స్కెచ్ పెన్ను తెప్పించుకున్నాను. గీత మీద గీత పడితే సర్దుకుని చదువుకో.

మీ అక్క చెప్పింది. నేను నమ్మలేదు. నిజం చెబుతున్నప్పుడు కూడా నమ్మలేకపోయాను, చూడు. పక్కింటి సుహాసిని టీచరమ్మని పిలిచి ఆ కాగితం చదివించుకున్నాను. ఆవిడ సగంలో ఆగి ముక్కు చీదింది. అప్పుడు నమ్మాను.

ముప్పై ఏళ్ళు గార్డుగా చేశాను. చీకట్లో నా లాంతరు చూసి డ్రైవరు బండి నడిపాడు. ఆ లాంతరు రంగు మీద ఎవడికీ అనుమానం రాలేదు. ఇప్పుడు నాకు అలాంటి లాంతరు లేదు.

మీ అక్క వండుతోంది. నేను తింటున్నాను. అంతకు మించి మాటల్లేవు. టీచరమ్మ పేపరు చదువుతుంది, బళ్ళో పాఠంలా ఉంటుంది. మీ అక్కయితే మధ్యలో "వీడికి పోయేకాలం" అని కలిపేది. అది పేపర్లో లేదని అప్పుడూ తెలుసు. బాగుండేది.

వచ్చి నన్ను తీసుకుపో. నీ దోనెలో రెండో సీటు ఉందన్నావు. తుపాకీ వద్దు. పీట వద్దు. బాతులున్న చోటికి తీసుకుపోయి ఏది కనిపిస్తే అది చెప్పు. అబద్ధం ఆడటానికి చాలినన్ని మాటలు నీకు రావు. అందుకే నిన్ను అడుగుతున్నాను.

నేను చెప్పింది నీకు చేరి ఉంటే నువ్వు మునిగేవాడివి కాదు. నేను అడక్కపోయి ఉంటే అసలు నీళ్ళకే వెళ్ళేవాడివి కాదు. ఇది కూడా లెక్కలో రాసుకో.

తిరుపతిరావు


సెమిలిగుడ,
ఫిబ్రవరి 16.

అక్కకి,

బావగారు కులాసా. స్టేషన్లో దిగేటప్పుడు నా భుజం గట్టిగా పట్టుకున్నారు. ఇంజను కూత విని "ఇది లేటు" అన్నారు. నిజంగానే లేటు.

సుధ బోరిగుమ్మ నుంచి బాతు తెప్పించి వండింది. ఒక ముద్ద తిని "పెంపుడుది" అన్నారు. అవునన్నాను. "బాగుంది" అని మళ్ళీ పెట్టించుకున్నారు.

ఈ రోజు తెల్లవారు జామున నీళ్ళ మీదికి వెళ్ళాం. నడుములకి బుర్రలు కట్టుకున్నాం. బిశ్వజిత్ తన పడవలో మా వెనక కొంచెం దూరంలో ఉన్నాడు. బావగారు ముందు సీటులో అడుక్కంటా కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఇద్దరం మట్టిరంగు తువ్వాళ్ళు కట్టుకున్నాం. ఎర్ర జెండా మాత్రం అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నారు. ఎందుకని నేను అడగలేదు.

"తెడ్డు ఎత్తకు. నీళ్ళు కోసుకుంటా ఎల్లు" అన్నారు. అలాగే చేశాను. చప్పుడు రాలేదు.

"సెప్పరా."

"మంచు ఉంది" అన్నాను.

"అది నా ముక్కుకి తెలుస్తంది. నాకు తెలీంది సెప్పు."

అక్కా, నేను అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. ఎడమ పక్క మునిగిపోయిన చెట్టు మోడు ఉందని, దాని మీద నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోందని చెప్పాను. ముందు నల్లటి చుక్కలు కనిపిస్తున్నాయన్నాను. చుక్కలు తలలయ్యాయన్నాను. గుసగుసగా చెబుతుంటే ఆయన తల తిప్పి వాటి వైపే చూస్తున్నట్టు కూర్చున్నారు. ఒక బాతు ఈల వేసింది. "పరజ బాతు" అన్నారు. తమ తంపరలోనూ ఇవే ఉండేవన్నారు.

అన్నీ ఒక్కసారి లేచాయి. ఆ రెక్కల చప్పుడుకి కయాక్ వణికింది. నీళ్ళు మా ముఖాల మీద పడ్డాయి. బావగారు రెండు చేతులూ పైకెత్తారు. పడిపోతామేమోనని నేను భయపడ్డాను.

"ఎంత దూరంలోంచి లేచేయిరా?"

చెయ్యి చాపితే అందేంత దూరం అని చెబుదామనిపించింది. నీకు ఎలా అనిపిస్తుందో నాకు అప్పుడు తెలిసింది. "రెండు కయాక్‌ల దూరం" అన్నాను. అంతే ఉంది.

"తుపాకీ ఉంటే కొట్టీవోడివా?"

"కొట్టేవాణ్ణి."

ఆయన ముఖం తుడుచుకున్నారు. "ఇదే మీ అక్కయితే ఏటని సెప్పేదిరా?" అని అడిగారు.

"ఆకాశమంతా బాతులే అనేది."

నవ్వారు. అలా నవ్వుతూనే జేబులోంచి జెండా తీసి తడిమి చూసుకున్నారు. "ఇంటికెల్లిపోతాన్రా. నువ్వు సెప్తే సూసినట్టుంది. అది సెప్తే ఉన్నట్టుంటది. రెండూ గావాలి" అన్నారు.

గురువారం బండికి తీసుకువస్తున్నాను.

రాబడి, ఖర్చు ఈ రోజుకి రాయలేదు.

సూర్యారావు


రాయగడ,
మార్చి 1.

చిరంజీవి సూర్యారావుకి,

చెప్పేది తిరుపతిరావు. రాసేది మీ అక్క పద్మకుమారి. కొత్త పద్ధతి ఏమిటంటే ఆయన నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా రాయాలి. వాక్యం అయ్యాక చదివి వినిపించాలి. సుహాసిని టీచరమ్మ వారానికి ఒకసారి వచ్చి ఏదో ఒక ఉత్తరం తనిఖీ చేస్తుంది.

"రాయి. మీ తమ్ముడికి తెడ్డు పట్టుకోడం ఇంకా రాదని రాయి. రాసేవా?"

రాశాను.

"సదువు."

చదివాను.

"ఎడం సెయ్యి బలం తక్కువ. దోనె వంకరగా పోతంది. నాకు అగపడకపోయినా తెలిసిపోయింది అని రాయి. ఆగు, దగ్గొస్తంది."

దగ్గారు. రాశాను.

"దగ్గు కూడా రాసేవేటే?"

అన్నీ రాయమన్నారు కదండీ అన్నాను.

"బిశ్వజిత్‌కి నా జెండా ఇచ్చీమని రాయి. ఆడి పడవకి కట్టుకుంటాడు. ఇందులో పెట్టు. పెట్టేవా? ఏది, తడవనీ. ఊఁ, పెట్టేవు."

పెట్టాను.

"మళ్ళీ సలికాలానికి వస్తానని రాయి. బాతులొచ్చేక కబురెట్టమను. మీ అక్క కూడా వస్తాదని రాయి."

నేను దోనె ఎక్కనన్నాను.

"ఎక్కనంటంది అని రాయి. ఎక్కుతాదని కూడా రాయి."

రెండూ రాశాను.

"ఉగాది దగ్గరికొచ్చింది. ఆపరేషను లేదు. ఆస్పత్రికెల్లే తొందర లేదు గనక పండక్కి నాలుగు రోజులూ ఇంటికాడే ఉంటాను, నువ్వూ సుధా వచ్చీండి అని రాయి."

రాశాను. చదివాను. ఆపరేషను లేదన్న చోట ఆగాను. తర్వాత మొత్తం చదివాను.

"ఇంకొక్కటి. పేపరు మళ్ళీ మీ అక్కే సదువుతంది. టీచరమ్మ గొంతు మంచిదే గానీ ఆ గొంతులో నాకు రాయగడ అగపడదు. ఈ మనిసి గొంతులోనే అగపడతంది. అది రాయి."

ఇది రాయనండీ, తమ్ముడు ఏమనుకుంటాడు అన్నాను.

"సూసేవా, మళ్ళీ మొదలెట్టేవు" అన్నారు.

రాశాను.